బండి దిగని ఓనరు

ముసునూరు,
ఏప్రిల్.

ఆనంద్ బాబుకు,
సువర్ణరాజు మాస్టారు దీవించి రాయునది. నీ ఫోను మోగుతుంది గానీ నువ్వు ఎత్తవు. అందుకే విజయవాడలో నీ పాత బండ్ల షెడ్డుకి రిజిస్టర్డ్ పోస్టు. సంతకం పెట్టి తీసుకోక చస్తావా!

"పాతదే గానీ పెళ్ళికూతురులాంటి బండండీ" అని నువ్వు అంటగట్టిన కర్ణాటక వ్యాను మా మామిడితోటలో నిలబడి ఉంది. నా పేరున మార్చమని రవాణా ఆఫీసుకి వెళితే, బండి తమ రాష్ట్రం వదిలిపోవడానికి అభ్యంతరం లేదని కోలారు వాళ్ళు ఎన్‌ఓసీ ఇవ్వాలట. తర్వాత ఇక్కడ మళ్ళీ ట్యాక్సు కట్టాలట. ఈలోగా రోడ్డెక్కితే సీజ్ చేస్తారట. బాడుగ బండ్లన్నీ షావుకార్లు ముందే మాట్లాడేసుకున్నారు. ఇది కదలకపోతే ఈ ఏడు చిన్నరసాల కాపంతా నేలపాలే.
ఇట్లు,
సువర్ణరాజు

తా.క.: బండి వెనక తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. మా ఆవిడ మగ్దలేనమ్మ మూస్తుంది, మళ్ళీ తెరిచే ఉంటుంది. ఇది కూడా ఆఫరేనా?

విజయవాడ.

పూజ్యులు మాస్టారు గారికి నమస్కారాలండీ.
ఫోను నీళ్ళలో పడిందండీ. ఎన్‌ఓసీకి పెట్టే కాగితాలు ఇందులో పంపుతున్నాను. ఓనరు పరదేశి గారు సంతకాలు పెట్టేశారు. కోలారులో కూరగాయల వ్యాపారం, మన తెలుగాయనే. దేవుడులాంటి మనిషండీ, ఏమడిగినా కాదనరు.
మీ విధేయుడు,
ఆనంద్ బాబు

తా.క.: తలుపుకి కొబ్బరితాడు కట్టండి.
ఇంకో తా.క.: ఆయనకి ఫోను మాత్రం చేయకండి. మాట్లాడే స్థితిలో లేరు.

ముసునూరు.

ఆనంద్ బాబుకు,
ఫోను చేయనక్కర్లేకుండా పరదేశి గారే వచ్చారు. మిట్టమధ్యాహ్నం కూలీలు అన్నాలు తింటుంటే బండి వెనక కూర్చుని కనిపించారు. తలుపుకి కట్టిన తాడు కట్టినట్టే ఉంది. తెల్లచొక్కా, ఒక కాలికే చెప్పు. మగ్దలేనమ్మ ఇచ్చిన కాఫీ చల్లారింది గానీ తగ్గలేదు. రసం పండు చేతికిస్తే వాసన చూసి పక్కన పెట్టారు.

"దిగండి బాబూ" అన్నాను.

"కాగితం మీద పేరు మారేదాకా బండి నాదేనండీ. ఎలా దిగుతాను?" అన్నారు.

నువ్వు పంపిన సంతకాలు చూపించాను. చాలాసేపు చూసి, "ఇవి నేను పెట్టలేదే" అన్నారు. నీ అడ్రసు అడిగితే ఇచ్చాను.
ఇట్లు,
సువర్ణరాజు

తా.క.: మా కుక్క ఆయన్ని చూసి తోక ఊపింది. నన్ను చూసి కూడా ఊపదు.
ఇంకో తా.క.: నీ దగ్గరికి బస్సులో రారట. ఇదే బండిలో వస్తారట.

విజయవాడ.

మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటానండీ, అడ్రసు ఎందుకిచ్చారు!
పరదేశి గారు నిరుడే పోయారండీ. వాళ్ళ బంధువెవరో తెచ్చి అమ్మితే కొన్నాను. ఓనరు పోతే ముందు వారసుల పేరున మార్చాలి, ఆ తర్వాతే ఎన్‌ఓసీ. అంత తిరుగుడు ఎవడు పడతాడని సంతకాలు నేనే గీకేశాను. బుద్ధి గడ్డి తిందండీ. రేపే కోలారు వెళ్ళి వాళ్ళమ్మాయి యోగిత గారి చేత అన్నీ సవ్యంగా చేయిస్తాను. ట్యాక్సు కూడా నేనే కడతాను. అప్పటిదాకా ఆయన్ని ఎలాగోలా ఆపండి.
మీ
ఆనంద్ బాబు

తా.క.: షెడ్డు బయట ఎవరో హారన్ కొడుతున్నారు. నేను తలుపు తీయడం లేదు.

ముసునూరు,
మే.

ఆనంద్ బాబుకు,
నిన్నటి పోస్టులో నా పేరున ఆర్‌సీ వచ్చింది. కొన్ని కాయలు రాలిపోయాయి గానీ మిగతావి రేపు బయల్దేరతాయి. ఇక నిజం చెబుతాను. మా తోటకి ఎవరూ రాలేదు. బండి అమ్మినప్పుడు నువ్విచ్చిన రసీదులో రాతా, పరదేశి గారి సంతకమూ ఒక్క చేతివే. బడిలో ఎన్ని దొంగ సంతకాలు పట్టుకున్నాను! అడిగితే ఒప్పుకోవని కథ అల్లాను. చొక్కా, కాఫీ, కుక్క, అన్నీ నా కల్పనే. రాస్తూ తెగ నవ్వుకున్నాను. నీ షెడ్డు బయట హారన్ సంగతి మాత్రం నాకు తెలియదు.

ఆ నవ్వు నిన్నటితో ఆగిపోయింది. అదే పోస్టులో యోగిత ఉత్తరం వచ్చింది. "గుండెనొప్పి వస్తే నాన్నని ఈ బండి వెనకే పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళామండీ. దారిలోనే పోయారు. ఆయన చెప్పు ఒకటి బండిలోనే ఉండిపోయింది. దొరికితే చెప్పండి" అని రాసింది.

మగ్దలేనమ్మ నా మొహం చూసి, "ఒక కాలికే చెప్పని మీకెవరు చెప్పారండీ?" అంది. ఎవరూ చెప్పలేదు. ఏదో తోచి రాశానంతే. నాకు భయమేసిందిరా, దాచుకోవడం దేనికి. కాయల కోసం పరిచిన ఎండుగడ్డి దులిపి బండి మూలమూలా వెతికాం. చెప్పు లేదు.
ఇట్లు,
సువర్ణరాజు

తా.క.: కవరు అంటించబోతుంటే మగ్దలేనమ్మ కేకేసింది. వెళ్ళి చూశాను. బండి వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. తాడు ముడి వేసింది వేసినట్టే ఉంది. వానకి తడిసిన మట్టిలో బండి దగ్గర్నుంచి గేటు దాకా అడుగులున్నాయి. అన్నీ వెళ్ళినవే. రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి.