వెయ్యి టన్నుల మాట

ఫిబ్రవరి 9, ఆదివారం

ప్రవీణ్ బావ మాట తప్పాడు. పెద్ద ఓడ కట్టాడు. వెయ్యి టన్నులు దాటి ఏ ఓడా కట్టకూడదని ఇద్దరం అనుకున్నాం. నాకు తెలియకుండా ముప్పై వేల టన్నులది కట్టాడు. దొంగ.

పద్నాలుగు నెలలుగా కంప్యూటర్‌లో ఆడుతున్న యుద్ధం ఇది. ఆయన దోహాలో, నేను ఇక్కడ ఆర్మూర్‌లో. ఒక్కో ఎత్తుకు ఆటలో ఒక నెల గడుస్తుంది. ఆయన ఎత్తు వేసి ఫైల్ పంపుతాడు, నాది వేసి తిరిగి పంపుతాను. అవతలివాడి రేవులో ఏం కడుతున్నాడో ఆట చూపించదు. వెయ్యి టన్నుల హద్దు కూడా ఆట పెట్టింది కాదు, మేం పెట్టుకున్నది. కాపలా ఎవడూ లేడు. మాట ఒక్కటే కాపలా.

మధ్యాహ్నం అన్నం తిని ల్యాప్‌టాప్ తెరిచాను. దీవుల సందులో నా ఓడలు నాలుగు మాటు వేసి ఉన్నాయి — ఏర్గట్ల, మాక్లూర్, వేల్పూర్, బాల్కొండ. శత్రువు కనపడలేదు. కనపడకుండానే గుండ్లు పడ్డాయి. ఏర్గట్ల పోయింది. మాక్లూర్ రెండు ముక్కలు. వేల్పూర్ కాలుతూ కాలుతూ... పోయింది. గుండు వచ్చిన దూరం చూశాను. చిన్న ఓడ ఫిరంగి అంత దూరం కొట్టదు. కొట్టలేదు.

బాల్కొండ ఒక్కటే తప్పించుకుంది, శత్రువు పేరు చూసి వచ్చింది. తెర మీద బరువుతో సహా రాసి ఉంది. ఆర్మూర్.

ఆయన సొంతూరు మోర్తాడ్. ఓడలకు పెట్టే ఊళ్ల పేర్లు ఇద్దరం పంచుకున్నాం, ఆర్మూర్ నా వంతు. అదీ మాటే. నా ఊరి పేరు పెట్టుకుని నన్ను కొట్టాడు.

అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"ఎవలు సచ్చిండ్రురా, గట్ల మొకం పెట్టినవ్?"

"ఓడలు మునిగినయ్."

"ఎవలయి? మనయా?"

"మనయే."

"యాడ, గోదారిలనా?"

నవ్వు రాలేదు నాకు.

ఫిబ్రవరి 10, సోమవారం

బావకు మూడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తడం లేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

పసుపు సీజను. పొద్దంతా పాలిష్ డ్రమ్ము దగ్గరే. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని తోలు ఊడుతుంటే ఆ దుమ్మంతా ముక్కులోకి, కళ్లలోకి. దగ్గితే పచ్చగా పడుతుంది. డ్రమ్ము చప్పుడులో ఎవరూ వినరని బావను బూతులు తిట్టాను. వినపడింది. పక్కవాడు నవ్వాడు.

అసలు హద్దు పెట్టింది ఆయనే! అదే మండుతోంది నాకు.

దోహా పోకముందు ఆయనా ఇదే పసుపు మార్కెట్ యార్డులో మాతోపాటు బస్తాలు మోసేవాడు. మా మేస్త్రి లింబన్న ఎప్పటినుంచో నడిపిస్తున్న పద్ధతి ఒకటుంది. ఒక్క మనిషి వీపు మీదికి రాని బస్తాను ఇక్కడ ఎవరూ ముట్టరు. సేటు అరవనీ, లారీ నిలబడనీ. కుట్టు విప్పాలి, తగ్గించాలి, అప్పుడే లేపుతారు.

ఆ రోజుల్లోనే ఈ ఆట మొదలుపెట్టాం. పెద్ద ఓడలతో ఆడితే అరగంటలో అయిపోయేది. ఎవడికి ఫ్యాక్టరీలు ఎక్కువో వాడిదే సముద్రం. ఛీ అనిపించింది. ఒక ఆదివారం బావే అన్నాడు — "అరేయ్ నరేశ్, లింబన్న రూల్ పెడదాంరా దీనికి. వెయ్యి టన్నులు. గంతకంటె పెద్దది లేపొద్దు."

అప్పటినుంచే అది ఆట అయింది. పొగమంచు ఎప్పుడు దిగుతుంది, నూనె ఎంత మిగిలింది, ఏ రాయి వెనక దాక్కోవాలి — అన్నీ లెక్కలోకి వచ్చాయి. పది తప్పినవాణ్ణి నేను. ఇంగ్లీషు మాటలకు ఫోన్‌లో అర్థాలు వెతుక్కుని, టార్పెడోను ఓడ ఉన్న చోటికి కాదు, ఓడ రాబోయే చోటికి వదలాలని నేర్చుకున్నాను. ఎవడూ నేర్పలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఎత్తాడు. బస్సులో ఉన్నాడట, పనికి పోతూ.

"చూసినవా?"

"చూసిన."

"ఎట్లుంది?"

ఎట్లుంది అట! కొత్త బండి కొన్నట్టు అడుగుతున్నాడు.

"మాట తప్పినవ్ బావా."

"ఆటే కదరా."

"ఎన్నొద్దుల సంది కడుతున్నవ్?"

"...దసరా ముందటి సంది."

దసరా నాడు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడు. నా ఓడ ఒకటి రాయికి తగిలి మునిగిందని చెబితే పడీ పడీ నవ్వాడు. అప్పటికే అక్కడ పెద్దోడకు ఇనుము కొడుతున్నారన్నమాట. అయిదు నెలలు. ప్రతి ఎత్తుకూ నాతో మామూలుగా మాట్లాడుతూనే.

"ఒక్కటే కదరా కట్టిన. ఈడ రూమ్ల ఎనిమిది మందిమి. మంచం, దాని కింద ఒక డబ్బా — గంతే నా జాగ. అన్నీ చిన్నయే. ఆటల గూడ చిన్నయేనా?"

బస్సులో ఎవడో హిందీలో పాట పెట్టాడు. ఫోన్ కట్ చేశాను.

అలా అనడం అన్యాయం. కోపం తెచ్చుకునే హక్కు కూడా లాక్కున్నాడు. ఎనిమిది మంది ఉన్న గదిలోంచి అబద్ధం ఆడితే అబద్ధం కాదా?

ఫిబ్రవరి 13, గురువారం

మరి ఆ ఓడకు మా ఊరి పేరెందుకు పెట్టాడు? అడగలేదు. అడగను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

మోర్తాడ్ నుంచి ఒక రైతు ట్రాక్టరు తెచ్చాడు. మొదటి బస్తా వీపు మీదికి ఎత్తుకోగానే మోకాలు వంగింది నాకు. దించేశాను. అన్నీ మూతి దాకా కుక్కి కుట్టినవే. మావాళ్లు ఇద్దరు, "ఏ, చెరో పక్క పట్టి ఏసేద్దాం తియ్" అన్నారు. అప్పటికే ఆకలి మీద ఉన్నారు.

లింబన్న బీడీ పారేశాడు.

"ఇయ్యాల ఇద్దరు లేపుతరు. రేపు గదే లెక్క అయితది. విప్పుర్రి."

రైతు ముఖం చిన్నదైంది. "ఇంట్ల సంచులు తక్కువ పడ్డయన్నా. జర కానియ్యరాదె."

"తక్కువ పడితె అడగాలె గదా పటేలా. మాకాడ లేవా సంచులు?"

తిట్టలేదు. ఖాళీ సంచులు తెప్పించి ఇచ్చాడు, కొక్కెంతో కుట్టు తెంపాడు. రైతు కూడా మాతో కూర్చుని నింపాడు. గంటలో అయిపోయింది.

నన్ను అడగడానికి ఈ గంట బావ దగ్గర లేదా? "అరేయ్, ఒక్కటి పెద్దది కట్టుకుంటరా, మనసైతుంది" అంటే సరిపోయేది కదా. నేను ఒప్పుకునేవాణ్ణే. ...ఒప్పుకునేవాణ్ణా? కొట్లాడి ఒప్పుకునేవాణ్ణి.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇంకా నా ఎత్తు పంపలేదు. ఫైల్‌కు ఇంకో నకలు తీసుకుని అందులో ఆర్మూర్ మీదికి పోయి చూశాను. ఊరికే చూద్దామని. ఆయన ఎత్తు, ఆ నెల పొగమంచు ఫైల్‌లోనే ఉంటాయి, ఎన్నిసార్లు ఆడినా మారవు.

మొదటిసారి మూడు ఓడలు పోయాయి. రెండోసారి అయిదు. మూడోసారి దగ్గరిదాకా పోయి నూనె అయిపోయింది. నాలుగోసారి దక్షిణ దీవి వెనక ఆపాను. ఆర్మూర్ నూనె నింపుకోవడానికి రేవులోకి వచ్చి నిలబడింది. పొగమంచు. ఆరు ఓడలు, రెండు వైపుల నుంచి. పన్నెండు టార్పెడోలు. పక్కకు ఒరిగింది... ఒరిగి...

ఎగిరి గంతేశాను. "మునిగింది! ఆర్మూర్ మునిగింది!"

అమ్మ చాట పక్కన పెట్టి వీపు మీద ఒక్కటి వేసింది.

"నోట్ల మన్నువడ! ఉన్న ఊరిని గట్లంటరార?"

ఫిబ్రవరి 17, సోమవారం

డ్రమ్ము తిరుగుతుంటే తట్టింది. పొగమంచు ఎప్పుడు దిగుతుందో ఇప్పుడు నాకు తెలుసు. ఆ ఓడ ఏ రేవులో ఆగుతుందో తెలుసు. ఇది తెలిసి ఎత్తు వేస్తే యుద్ధమా? ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టు.

మా మాటలో నకలు గురించి ఏమీ లేదు, టన్నుల గురించే ఉంది. అని నాకు నేను చెప్పుకున్నాను. "ఒక్కటే కదరా కట్టిన" అన్నదానికీ దీనికీ తేడా ఏముంది?

థూ.

ఫిబ్రవరి 18, మంగళవారం

నకళ్లన్నీ తీసేశాను. బుర్రలోది ఎలా తీయాలి?

బావ మీద కోపం తగ్గలేదు. తగ్గుతుందనుకున్నాను. నా తప్పు తోడై ఇంకా పెరిగింది. ఆయన ఆ ఓడ కట్టకపోతే నేను ఈ పని చేసేవాణ్ణి కాదు. ఇది కూడా అబద్ధమేనేమో. చేసేవాణ్ణేమో, వేరే ఓడ కోసం.

ఫిబ్రవరి 19, బుధవారం

బావ మెసేజ్. "ఏమైందిరా నీ ఎత్తు? బుగులువట్టిందా?" పక్కన నవ్వే బొమ్మలు మూడు.

నాకు బుగులా, భయమా. ఆ ఓడ ఎక్కడ ఎలా చస్తుందో నాకు తెలుసు, తెలుసు కాబట్టే చేయి కట్టేసుకుని కూర్చున్నాను. ఇప్పుడే ఎత్తు వేసి పంపిస్తే నవ్వే బొమ్మలు ఎక్కడ పెట్టుకుంటాడో చూడాలని ఉంది. వేలు మీట మీద పెట్టాను. తీశాను.

గెలిచి చెబితే వినడు. ఓడిపోయి చెబితే ఏడుస్తున్నాడంటాడు. ఎత్తు వేయకముందే చెప్పాలి.

ఫిబ్రవరి 20, గురువారం

అన్నం గంటలో, ఖాళీ సంచుల మీద కూర్చుని రాశాను. పంపాను. రేపు మాట మార్చకుండా ఇక్కడా ఎక్కిస్తున్నాను —

"బావా, గా పెద్దోడ మీదికి నేను ఎత్తు వెయ్య. బుగులుతోని కాదు. ఫైల్ నకలు తీసి నాలుగుసార్లు దాని మీదికి పోయి చూసిన, నాలుగోసారి ముంచిన. దాన్ని ముంచే తొవ్వ నాకు ఎరుకైంది. గది నా తప్పు. నువ్వు చాటుకు కట్టుడు నీ తప్పు. నాది నేను ఒప్పుకున్న, నీది నువ్వు ఒప్పుకో. గీ యుద్ధం ఇద్దరికీ చెల్లదు.

దసరా ముందటి ఫైల్ నీ దగ్గరనే ఉన్నది. అది నువ్వే పంపు, గదే ఒప్పుకున్నట్టు. ఆడికెల్లి ఆడుదాం. అయిదు నెలల ఆట పోతది. పోనీ. పెద్దది కావాలంటే మొదలే చెప్పి కట్టు, నేను గూడ కడత, తన్నుకుందాం. ఆర్మూర్ పేరు గూడ నువ్వే పెట్టుకో, నాకేం లేదు.

'ఆటే కదరా' అని మాత్రం రాయకు.

రేపు శుక్రారం, నీకు సెలవు. పొద్దుమీకి ఆరు గంటలు, దోహావి కాదు, మన దిక్కువి. ఫైల్ రావాలె. ఆరు దాటితే నా దగ్గరున్న ఆట తీసేస్త. మల్ల నీతోని ఆడనే ఆడ."