ఎదురు గది మేడమ్

అమ్మాయీ,

పరిశోధన మానేస్తానని మీ అమ్మకు రాశావట. విని ఒళ్లు మండిపోయింది. నిన్న మీ డిపార్ట్‌మెంటుకు వెళ్లి, మీ గైడు గది ముందు రెండు గంటలు కూర్చున్నాను. నిన్ను కలవలేదు, కలిస్తే ఏమనేదాన్నో.

ఆయన విద్యార్థులను అడిగాను. "అంతా రాశాకే చూస్తారు బామ్మగారూ. మధ్యలో ఏమీ అనరు, మాకదే హాయి," అన్నారు. వాళ్లకు హాయే. చిన్నప్పుడు ప్రతి లెక్కా పక్కన కూర్చుని చూస్తే తప్ప రెండోది మొదలుపెట్టని దానివి, మధ్యమధ్యలో చూస్తారా అని చేరేముందు అడగడానికి నోరు రాలేదా? ఆయన పేరు చూసి మురిసిపోయావు! పదకొండు నెలల్లో మూడు అధ్యాయాలిచ్చావు. ఆయన పలకకపోతే, తెలివి నీకే లేదనుకున్నావు.

ఎదురు గది మేడమ్ ప్రతి సోమవారం పేజీ పేజీ చదివి చీల్చి చెండాడతారట. ఒక పిల్ల కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "మూడోసారి తిరగరాయమన్నారండీ," అంటూనే నా పక్కన కూర్చుని రాయడం మొదలుపెట్టింది. నీకు కావలసింది ఆవిడే.

గైడును మార్చుకునే ఫారం దీంతో పంపుతున్నాను. శుక్రవారం గడువు. ఆఫీసులో మానేసేవాళ్ల ఫారం కూడా ఇచ్చారు. దాన్ని గుమాస్తా ఎదుటే చించి పారేశాను.

మీ బామ్మ