భూటాన్ పక్కన మన పట్టీ

సారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ దగ్గర చదువుకున్న నేనే ఇప్పుడు మీ కుర్చీలో కూర్చుని, ఐదు తరగతులకూ ఒక్కదాన్నే పాఠాలు చెబుతున్నాను.

మీరు బడి గోడ మీద గీసిన రెండు పట్టీలు వెలిసిపోతే మొన్న రంగు వేయించాను. దేశ సంపాదనలో చదువుకు సర్కారు పెట్టే వాటాను చూపే పట్టీలవి: భూటాన్‌ది పొడుగు, మనది పొట్టి. గౌడవెల్లి నుంచి వచ్చిన పెయింటర్ రెండింటినీ సమానం చేసేశాడు.

“ఒకటి పొట్టిగ ఉండె మేడం. చూడ మంచిగ లేదని సరి జేసిన” అన్నాడు.

ఐదో తరగతి షబానా అది చూసి, “టీచర్, మనది గూడ పెరిగిందా? అయితే ఇంకో టీచర్ వస్తదా?” అని అడిగింది.

నేను మన పట్టీ పైభాగాన్ని సున్నంతో కప్పేస్తుంటే, డబ్బా షబానాయే పట్టుకుని నిలబడింది.