ఒక్క ఎకరం మంట వేయగలరు

భువనేశ్వర్, మార్చి 2

సునాఝరి అడవి రక్షణ సంఘం అధ్యక్షురాలు శ్రీమతి జెమా దేహురీ గారికి నమస్కారములు.

ఎండలు ముదిరేకొద్దీ అడవుల పచ్చదనం, కార్చిచ్చులు ఎలా మారుతున్నాయో ఉపగ్రహ చిత్రాలలో పరిశీలిస్తున్నాము. చిత్రంలో మంట ఎర్రచుక్కగా పడుతుంది. మీ చుట్టుపక్కల కొండలన్నీ ఏటా చుక్కలమయం. మీ కొండపై పదిహేనేళ్లుగా ఒక్క చుక్కా లేదు. ఇది అసంభవం. ఉపగ్రహానికి మీ కొండ కనబడడం లేదని మా అనుమానం. కావున తమరొక మంట వేసి, తేదీ తెలుపగలరు. ఇది తేలేవరకు మీ సంఘం కోరిన అడవి హక్కు పత్రానికి మా నివేదిక పంపలేము.

ఇట్లు,
విభూతి పట్టజోషి, పరిశీలకుడు, అడవుల సర్వే కార్యాలయం

తా.క.: పెద్ద మంట అక్కర్లేదు. ఒక్క ఎకరం చాలు.

సునాఝరి, మార్చి 9

బాబు విభూతికి జెమా మౌసీ దీవెనలు. ఊరందరికీ మౌసీనే, అంటే పిన్నినే, నీకూ అంతే.

నీ ఉత్తరం సంఘంలో చదివాను. నవ్వాలో, నీ ఇల్లు వెతుక్కుంటూ రావాలో మావాళ్లకి తోచలేదు. పొద్దున ఎవరి గుమ్మానికి ఠెంగాకర్ర ఆనించి ఉంటే ఆ రోజు ఆ ఇంటి ఆడదే కొండకి కావలి. సాయంత్రం దాన్ని పక్కింటి గుమ్మానికి ఆనిస్తుంది. పదిహేనేళ్లలో ఆ కర్రకి సెలవు లేదు. పక్క ఊళ్లవాళ్లు ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలేస్తారు. మేం చీపుళ్లతో ఊడుస్తాం. అంతే బాబూ కిటుకు.

మీ మౌసీ

తా.క.: మంటే కావాలంటే నీ ఉపగ్రహానికి మా పొయ్యి చూపించు.

భువనేశ్వర్, మార్చి 16

అమ్మా,

తమరు మంట వేయుటకు నిరాకరించినట్లు నమోదు చేసుకున్నాము. మా పట్టికలో చీపురుకు గడి లేదు. ఉపగ్రహం మీ మీదుగా మధ్యాహ్నం ఒకటిన్నరకు వెళుతుంది. 27వ తేదీ శుక్రవారం నేనే స్వయంగా వచ్చి పరీక్షిస్తాను.

ఇట్లు,
విభూతి పట్టజోషి

తా.క.: అగ్గిపెట్టె నేనే తెచ్చుకుంటాను.

సునాఝరి, మార్చి 29

బాబూ,

చేతులకి బొబ్బలు తగ్గాయా? నువ్వంటించింది గుప్పెడు ఆకులే, కానీ గాలి తిరిగి వెదురుపొద అందుకుంది. ఆ రోజు కర్ర మా పక్కింటి ఝునూ చేతిలో ఉండబట్టి, తను ఈల వెయ్యబట్టి సరిపోయింది. అరవై చీపుళ్లు పరుగెత్తుకొచ్చాయి. నువ్వూ బాగానే ఊడ్చావులే. నా భయమల్లా ఒకటే. నీ చుక్క మా కొండ మీద పడి హక్కు పత్రం పోతే ఈ ఆడవాళ్ల మొహం నేనెలా చూడను?

మీ మౌసీ

తా.క.: నిప్పు పెట్టినవాడు తొమ్మిది రోజులు కర్ర మోయాలి. ఇది సంఘం కట్టడి. ఉద్యోగస్తులకి మినహాయింపు లేదు.

భువనేశ్వర్, ఏప్రిల్ 10

పూజ్యులైన మౌసీకి విభూతి సాష్టాంగ నమస్కారాలు.

చుక్క పడింది మౌసీ. ఉపగ్రహం గుడ్డిది కాదని ఆ చుక్కే రుజువు చేసింది. అంటే మీ పదిహేనేళ్లూ నిజం. చుట్టుపక్కల కొండలదీ అదే ఎండ, అదే వాన. అవి ఏటేటా మాడుతుంటే మీది మాత్రం పచ్చబడుతూ వచ్చింది. మా పెద్దసారు పట్టికలో 'చీపురు, కర్ర' అని కొత్త గడి గీయించారు. హక్కు పత్రం మీద నిన్న సంతకాలయ్యాయి. ఏ నివేదిక చూసీ నేనింత సంతోషించలేదు, అందులో నా పరువు పోయినా సరే.

సునాఝరి పేరెదురుగా ఇలా అచ్చయింది: 'పదిహేనేళ్లలో మంటలు: ఒకటి. కారణం: మా పరిశీలకుడు.'

మీ విభూతి

తా.క.: ఆదివారం వస్తున్నాను. కర్ర నా బస గుమ్మానికి ఆనించండి. అగ్గిపెట్టె ఉందేమో జేబులు ఝునూయే తడిమి చూసుకోవచ్చు.