ట్యాంకుకి పలుచని పూత

అల్లుడుగారికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. ఫోనులో నాకు సగమే వినబడుతుంది కనుక ఉత్తరం రాస్తున్నాను. మొన్న అమ్మాయితో మాట్లాడుతుంటే వెనక బుర్రుమని ఒకటే మోత. ఏమిటమ్మా అంటే, ట్యాంకుకి రంగు వేస్తున్నాం నాన్నా, తర్వాత చేస్తా అని పెట్టేసింది. మీరు ఆఫీసులో కుర్చీలో కూర్చునే మనిషి. ట్యాంకులకి రంగు వేయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఉద్యోగానికి ఏమీ కాలేదు కదా? నీటి సరఫరా శాఖలో ఓవర్సీరుగా బతుకంతా ట్యాంకుల మధ్యే గడిపినవాణ్ణి. నా దగ్గర దాపరికం వద్దు.

మీ మేలు కోరే
మామయ్య

తా.క. మీ అత్తయ్య ఏడవడం లేదు. ఉల్లిపాయలు తరుగుతోందట. పొద్దుటి నుంచీ తరుగుతూనే ఉంది.

మామయ్యగారికి నమస్కారాలు.

ఉద్యోగం బాగానే ఉంది. ఇది ఆదివారాల సరదా. మీకూ ట్యాంకులంటే ఇష్టమని తెలియక ఇన్నాళ్లూ చెప్పలేదు. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలుగా వస్తుంది, మనమే అతికించుకోవాలి. కంప్రెసరు, దానికో గన్ను కొన్నాం. మీరు విన్న మోత దానిదే. అక్రిలిక్ రంగుని పాలలా పలుచన చేసి గాలితో పొర మీద పొరగా చల్లాలి. దట్టంగా వేస్తే రివెట్లు పూడిపోతాయి. ఆరాక బురద మరకలు వేస్తాం, చక్రాల దగ్గర కాస్త ఎక్కువగా. యుద్ధం చేసి వచ్చినట్టు కనబడాలి కదా.

ఇట్లు, వినయంతో
మీ అల్లుడు

తా.క. గొట్టం కాస్త వంకరగా అతుక్కుంది. శత్రువు వైపు చూడాల్సింది పక్కింటి వైపు చూస్తోంది.

అల్లుడుగారికి ఆశీస్సులు.

బాగానే ఉంది అన్నారు. ఉద్యోగం పోయినవాళ్లు ముందుగా అనే మాట అదే. రంగు పాలలా పలుచన చేయమని మీకు ఏ మేస్త్రీ చెప్పాడు? మొదటి వానకే కారిపోతుంది. మా రోజుల్లో పెద్ద బ్రష్షుతో దట్టంగా పట్టించేవాళ్లం. చక్రాలున్నాయంటే అది ట్యాంకు కాదు, ట్యాంకరు. కొత్తదానికి బురద పూయడం ఎక్కడా వినలేదు. గొట్టం పక్కింటి వైపు తిరిగిందంటే నీళ్లు వాళ్లకే పోతాయి. పక్కింటివాళ్లని శత్రువులనుకోకుండా మంచిమాటతో తిప్పించుకోండి. ఇంతకీ లోపల ఖాళీ చేయించారా?

మీ
మామయ్య

తా.క. మా కాలనీ పెద్ద ట్యాంకుకి రంగు వేయించాలట. మీ పేరు చెప్పాను. నిచ్చెన వాళ్లే ఇస్తారు.

మామయ్యగారికి నమస్కారాలు.

మీ నిచ్చెన మాటకి ఇద్దరం పడీపడీ నవ్వాం. మీలో ఇంత హాస్యం ఉందనుకోలేదు. లోపల ఖాళీగా ఉండదండీ, మనిషి ఉంటాడు. నడుము దాకా పైకి లేచి దూరంగా చూస్తుంటాడు. ఒంటికి గన్నుతో కొట్టేయొచ్చు గానీ మొహం దగ్గరే కష్టం. తల విడిగా తీసి పుల్లకి గుచ్చి పెట్టుకుంటే పని సులువు. మొన్న చెయ్యి ఊడింది. జిగురు పెడితే తెల్లారేసరికి పట్టేసింది.

ఇట్లు
మీ అల్లుడు

తా.క. ఒక్కడే ఉంటే వెలితిగా ఉంది. ఇంకో నలుగురిని తెప్పిస్తున్నాం.

అల్లుడుగారికి. ఆశీస్సులు తర్వాత.

మీ ఉత్తరం విని మీ అత్తయ్య మంచం ఎక్కింది. ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది, మతి పోతే ఎక్కడ వెతుక్కుంటాం? ఆ నలుగురికీ రావద్దని కబురు పెట్టండి. రేపే బయల్దేరుతున్నాను. నేను వచ్చేదాకా అమ్మాయిని ఆ గన్ను దగ్గరికి పోనివ్వకండి. అది చీమకి కూడా హాని తలపెట్టదు.

మామయ్య

తా.క. చెయ్యి ఊడినతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లండి. జిగురు చాలదు.

అల్లుడుగారికి మామయ్య మనసారా ఆశీస్సులు.

క్షేమంగా ఇల్లు చేరాను. మొన్న మీ ముందు చెప్పడానికి సిగ్గేసింది, అందుకే రాస్తున్నాను. నేను తలుపు కొట్టినప్పుడు మీరు సామాను కోసం బజారుకి వెళ్లారు. తలుపు తీసింది అమ్మాయి. మూతికి మాస్కు, చేతిలో గన్ను. మెల్లిగా రా నాన్నా, దుమ్ము లేస్తే పాడైపోతుంది అంది. వరండాలో బల్ల మీద నా అరచేతిలో పట్టేంత యుద్ధపు ట్యాంకు. పక్కన పుల్లకి గోరంత తల. దాని కోసమా నేను బస్సులో దారి పొడుగునా దేవుళ్లందరికీ మొక్కుకున్నాను? నవ్వు రావడానికి కూడా కాసేపు పట్టింది.

ఇదంతా మీ పిచ్చి అనుకున్నాను. తీరా చూస్తే మీరు రంగు కప్పులు కడిగే సహాయకులట. రంగు వేసేది మా అమ్మాయట. నాకెందుకు చెప్పలేదే అని అడిగాను.

"నువ్వు నవ్వుతావని భయమేసింది నాన్నా" అంది.

ఆ గోరంత మొహంలో కళ్లు పెట్టేటప్పుడు అది ఊపిరి బిగబట్టింది. పక్కన నేనూ బిగబట్టాను. తర్వాత గన్ను నాకిచ్చింది. దగ్గరగా పెట్టి నొక్కేశాను. రంగు కారి రివెట్లన్నీ పూడిపోయాయి. విసుక్కోకుండా తుడిచేసి, పలుచగా వెయ్యి నాన్నా, తొందరేం లేదు అంది. ఎందరో పై అధికారుల దగ్గర పనిచేశాను. ఇంత మెత్తగా నా తప్పు చూపించినవాళ్లు లేరు.

వస్తుంటే ఒక విమానం పెట్టె నా సంచిలో పెట్టింది. అతికించడం అయింది. రంగుకి వచ్చే ఆదివారం వస్తాను. కప్పులు నేను కడుగుతాను, మీరు కాస్త నడుం వాల్చండి.

మీ
మామయ్య

తా.క. జిగురు ఆరేదాకా రెక్కలు బిగించి పట్టాలి కదా, మీ అత్తయ్య బట్టల క్లిప్పులన్నీ తీసేసుకున్నాను. ఉతికిన చీరలు ఎగిరి పక్కింటి మీద పడుతున్నాయి. ఈ ఏడు గాలి ఎక్కువని చెప్పాను. మీరూ ఆ మాట మీదే ఉండండి.