వాచకం మీద నా సంతకం

మంగళవారం రాత్రి, హోసూరు

కృష్ణగిరి లైబ్రరీలో పాత బడిపుస్తకాలు విడిగా దాచారని విని, సెలవు పెట్టి మరీ వెళ్లాను. శనివారాలు నా దగ్గర తెలుగు నేర్చుకునే నలుగురు పిల్లల కోసం పాత పాఠాలేవైనా రాసుకు రావాలని.

లైబ్రేరియన్ అమ్మాయి నా పెన్ను తీసి పక్కన పెట్టించింది. "పెన్సిల్ మాత్రమేమ్మా. మెల్లగా తిప్పండి, కాగితం పొడి అయిపోతా ఉంది."

రెండో తరగతి వాచకం. మొదటి పేజీలోనే మా బడి ముద్ర. దాని కింద 'పనికిరానిది, తీసివేయవచ్చు' అని నా చేతిరాత, నా సంతకం. తెలుగు సెక్షన్ మూసిన ఏడాది బీరువా ఖాళీ చేయమని హెడ్మాస్టర్ అంటే, ఒక్క మధ్యాహ్నంలో అన్నిటి మీదా రాసిచ్చాను. ఒక్కటి కూడా ఇంటికి తెచ్చుకోలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లూ బడుల్లో తెలుగు లేకుండా చేసిందని ప్రభుత్వాన్ని తిడుతూ తిరిగాను.

"ఈడ ఏమి రాసినారమ్మా? నాకు తెలుగు మాట్లాడను వస్తుంది, చదవను రాదు."

"బడి పేరమ్మా," అన్నాను.

"పాత పేపర్ల అంగడిలో దొరికినాయంట. పారేసినోళ్లకి మనసెట్ల వచ్చిందో!"



వచ్చేముందు రిజిస్టరులో సంతకం పెట్టమంది. బడిలో, బ్యాంకులో, ఎవరేమన్నా తెలుగులోనే సంతకం చేస్తానని పదిమందికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. వాచకం ఇంకా ఆ అమ్మాయి ముందే, నా సంతకం ఉన్న పేజీ దగ్గరే తెరిచి ఉంది.

తమిళంలో పెట్టి వచ్చాను.