స్కోప్ లెన్సు తాహేరాది

భువనగిరిలో పెళ్లిళ్లకు ఫిలిం తీసే లియాఖత్ అలీ అనే నేను, జ్వరం వదిలి బుర్ర సరిగా పనిచేస్తున్న ఈ రోజున, ఎవరి ఒత్తిడీ లేకుండా, కడుపునిండా కోపంతో రాయిస్తున్న వీలునామా ఇది. కోపాన్ని చూపి నాకు మతి లేదని నా తమ్ముడు మెహమూద్ కోర్టులో చెప్పుకోరాదు. ఇదివరకు రాసినవేవీ చెల్లవు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితుడు జానయ్యది. జానయ్యా, నువ్వు మొహమాటస్తుడివి. మెహమూద్ ఇంట చాయ్ తాగకు.

2. నాకు కొడుకులు లేరు కనుక షరియత్ ప్రకారం ఇంట్లో తమ్ముడికి వాటా పోతుంది. నా చేతిలో ఉంటే పోనిచ్చేవాణ్ణి కాదు.

3. కెమెరా, ప్రొజెక్టర్, స్కోప్ లెన్సు నా కూతురు తాహేరాకు నిన్ననే సాక్షుల ఎదుట హిబాగా చేతికిచ్చాను. బతికుండగా ఇచ్చిన కానుక వాటాల్లోకి రాదు. లెన్సుకు బేరం కుదిర్చానని మెహమూద్ ఊరంతా చెబుతున్నాడట. అది తాహేరా కూడు. పెళ్లిళ్లలో జనానా వైపు మగవాడు కెమెరా పట్టరాదు. ఈ లెన్సుతో వచ్చే వెడల్పు బొమ్మ కావాలన్న ఆడవాళ్లంతా ఆమెనే పిలుస్తారు.

4. కోపానికి కారణం కూడా రాస్తున్నాను. ఈ లెన్సు తీసేటప్పుడు బొమ్మను పక్కల నుంచి నొక్కుతుంది. చూపేటప్పుడు ప్రొజెక్టర్ ముందు పెడితే మళ్లీ విప్పుతుంది. పెట్టకపోతే మనుషులు పుల్లల్లా సాగి కనిపిస్తారు. పిల్లను పరాయి ఇంట కూర్చోబెట్టి చూపడం మాలో లేదు కనుక, తాహేరాను ఫిలిం తీసి, ప్రొజెక్టర్, లెన్సుతో సహా కట్టంగూర్ సంబంధం వాళ్లకు మెహమూద్‌తో పంపాను. వాడు లెన్సు పెట్టకుండానే వాళ్ల గోడ మీద వేశాడు. "పిల్ల గింత బక్కగున్నది, ఏం రోగమో ఏమో" అని వాళ్లు వద్దన్నారు. "మరిచిపోయిన అన్నా, లెన్సు ఇంట్లనే ఉండె" అన్నాడు వీడు. లెన్సు పెట్టెను వాడి స్కూటర్ డిక్కీలోంచి నేనే తీశాను. ఆ ఏడు రంజాన్ రాకముందే తన కూతుర్ని ఆ పిల్లవాడికే ఇచ్చుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే.

తాహేరా ఏడవలేదు. మర్నాడు కెమెరా పట్టడం నేర్పమని అడిగింది.

5. నా భార్య షంషున్నీసాకు: బొమ్మ పడే సున్నపు గోడకు నువ్వు ఒక్క మేకు కొట్టినా కొట్లాడాను. ఇక నీ ఇష్టం. అల్మారా పెట్టుకో, దండెం కట్టుకో. నాకు కోపమొచ్చినా బయటికి చెప్పలేను కదా.

6. నా జనాజాకు ఎవరైనా భుజం పట్టవచ్చు, మెహమూద్ కూడా. మట్టి వేయనీయండి, దువా చేయనీయండి. కానీ ముఖం మీది కఫన్ గుడ్డ తొలగించి ఆఖరి చూపు చూపే వేళ వాణ్ణి బయట నిలబెట్టండి. నా బిడ్డ ముఖాన్ని లోకానికి అలా చూపినవాడికి నా ముఖం చూపించవద్దు.

భువనగిరి, 11 ఫిబ్రవరి 1989

(సంతకం) లియాఖత్ అలీ

సాక్షులు: గులాం నబీ, అత్తరు దుకాణం
రఘుపతి, రిటైర్డు పోస్టుమాన్